వెయ్యి స్లైసుల సి.టి. తెరుచుకోవడానికి నిమిషాలు పడుతోందా? ఆర్థాంక్ సర్వర్‌ను దారికి తెచ్చే పద్ధతి

ముందుగా ఒక గుణకారం. సి.టి. స్లైసు, అంటే శరీరాన్ని అడ్డంగా కోసినట్టు చూపించే బొమ్మ, ఒకటి అడ్డంగా 512, నిలువుగా 512 చుక్కలు. చుక్కకు 2 బైట్లు. అంటే కుదించని స్లైసు ఒక్కోటి అర ఎంబీ. ఛాతీ, పొట్ట కలిపి 60 సెంటీమీటర్ల మేర అర మిల్లీమీటరు దూరానికొకటి చొప్పున స్లైసులు తయారుచేస్తే 1,200 అవుతాయి. మొత్తం 600 ఎంబీ పైచిలుకు. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు; ఎనిమిది బిట్లు ఒక బైటు) లైను మీద ఇంత డేటా దాటడానికి, దారిలో ఏ అడ్డంకీ లేకపోయినా, 50 సెకన్లు పడుతుంది. గిగాబిట్ లైను మీద 5 సెకన్లు. ఇంట్లో 30 ఎంబీపీఎస్ కనెక్షన్ పెట్టుకున్న డాక్టరుగారికి దాదాపు 3 నిమిషాలు.

ఈ లెక్కతో ఎందుకు మొదలుపెట్టానంటే, "సర్వర్ నెమ్మదిగా ఉంది" అంటూ వచ్చే ఫోన్లలో కొన్ని ఫిర్యాదులు కావు, గుణకారాలే. 3 నిమిషాలు పట్టాల్సిన చోట 3 నిమిషాలు పడితే సర్వర్‌ను తిట్టి లాభం లేదు. పంపే డేటాను తగ్గించాలి, లేదా లైను పెంచాలి. అదే 5 సెకన్లలో రావాల్సింది 2 నిమిషాలు పడుతుంటే మాత్రం ఎక్కడో ముడి పడింది. ఆ ముడి ఎక్కడుందో పట్టుకోవడం ఎలాగో, పట్టుకున్నాక విప్పడం ఎలాగో ఈ వ్యాసంలో చెబుతాను.

ఉదాహరణగా ఆర్థాంక్‌ను తీసుకుంటున్నాను. బెల్జియంలోని లియెజ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో సెబాస్టియన్ జోడోన్ మొదలుపెట్టిన ఈ డైకామ్ (వైద్య చిత్రాలను దాచడానికి, పంపడానికి వాడే ప్రమాణం) సర్వర్ 2012 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. చిన్న స్కాన్ సెంటర్లు, బోధనాసుపత్రుల పరిశోధన విభాగాలు, ఇంటి నుంచి రిపోర్టులు రాసే రేడియాలజిస్టులు దీన్ని వాడుతుంటారు. బ్రౌజర్‌లో బొమ్మలు చూడటానికి దీనికి జోడీగా ఎక్కువమంది పెట్టుకునేది ఓహెచ్‌ఐఎఫ్ వ్యూయర్. మీరు మరో ప్యాక్స్ (స్కాన్ బొమ్మల్ని దాచి చూపించే వ్యవస్థ) వాడుతున్నా సెట్టింగుల పేర్లు మారతాయేమో కానీ ముడులు పడే చోట్లు ఇవే.

ఇంకో మాట. సెట్టింగుల పేర్లను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కాన్ఫిగరేషన్ ఫైల్లో అవి ఇంగ్లిష్ అక్షరాల్లో, ఆర్థాంక్‌వైతే పదాల మధ్య ఖాళీ లేకుండా ఉంటాయి. పలికి చూస్తే పోల్చుకోగలరు.

మొదట గడియారం పట్టుకోండి

ఏ సెట్టింగునూ ముట్టుకోకముందు ఒక పరీక్ష సిరీస్‌ను, అంటే ఒకే స్కాన్‌లోని స్లైసుల వరుసను, ఎంచుకోండి. 1,000 స్లైసులకు తక్కువ కాకుండా, రోగి పేరు తీసేసిన సిరీస్ అయితే మంచిది. ప్రతిసారీ దీన్నే తెరిచి చూస్తారు. రోజుకో సిరీస్‌తో కొలిస్తే మీకు మిగిలేది అయోమయం ఒక్కటే.

బ్రౌజర్‌లో ప్రైవేటు విండో తెరవండి, పాత నిల్వలు అడ్డురాకుండా. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌కు వెళ్లండి. సిరీస్ తెరిచి రెండు సమయాలు విడివిడిగా రాసుకోండి: నొక్కినప్పటి నుంచి మొదటి బొమ్మ కనబడేదాకా ఎంత, మొదటి బొమ్మ నుంచి చివరి స్లైసు వచ్చేదాకా ఎంత.

ఈ రెండూ వేర్వేరు రోగాలు. డాక్టరుగారికి రెండూ ఒకేలా, తిరిగే చక్రంలా కనిపిస్తాయి కాబట్టి ఫోనులో ఒకే మాట చెబుతారు. మొదటి బొమ్మకే నిమిషం పట్టి, ఆ తర్వాత స్లైసులు జలజలా వచ్చేస్తే తప్పు మెటాడేటా (బొమ్మల వెంట ఉండే వివరాలు) దగ్గర ఉంది. మొదటి బొమ్మ వెంటనే వచ్చి మిగతావి ఒక్కొక్కటే ఈడ్చుకుంటూ వస్తే డిస్కు, కుదింపు, నెట్‌వర్క్, ఈ మూడింట్లో ఒకటి. అన్నీ వచ్చాక కూడా మౌస్ చక్రం తిప్పితే బొమ్మ అతుక్కుపోతుంటే తప్పు డాక్టరుగారి కంప్యూటర్‌లోనే ఉంది, సర్వర్‌ది కాదు.

అదే సిరీస్‌ను మూసేసి, ప్రైవేటు విండో కూడా మూసి, మళ్లీ కొత్త విండోలో తెరవండి. రెండోసారి చాలా వేగంగా వస్తే డిస్కును అనుమానించండి. మొదటిసారి చదివిన ఫైళ్లను ఆపరేటింగ్ సిస్టమ్ ర్యామ్‌లో అట్టిపెట్టుకుంటుంది కనుక రెండోసారి డిస్కు దాకా వెళ్లే పని ఉండదు. రెండోసారీ అంతే సమయం పడితే డిస్కు నిర్దోషి కావచ్చు.

మూడో పరీక్ష సర్వర్ మీదే చేయాలి. ఆ యంత్రంలోనే కర్ల్ అనే, డేటా తెప్పించే ఆదేశంతో, ఆర్థాంక్ వినే 8042 పోర్టు నుంచి, ముందు ఆ సిరీస్ మెటాడేటాను, తర్వాత ఒక వంద స్లైసులను తెప్పించి సమయం చూడండి. సర్వర్ దగ్గర కూర్చుని అడిగితే వేగంగా, డాక్టరుగారి గది నుంచి అడిగితే నెమ్మదిగా వస్తోందంటే మధ్యలో ఉన్న దారిదే తప్పు. ఇది పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు బద్ధకించి సర్వర్‌కు కొత్త ర్యామ్ కొన్నవాళ్లను చూశాను. ఒకప్పుడు నేనూ ఆ బాపతే.

మొదటి బొమ్మే రాకపోతే: మెటాడేటా

బ్రౌజర్ వ్యూయర్ ఒక్క బొమ్మను చూపించే ముందే సిరీస్ మొత్తానికి సంబంధించిన వివరాలు అడుగుతుంది. ప్రతి స్లైసు శరీరంలో ఏ ఎత్తులో ఉంది, చుక్కల మధ్య దూరం ఎంత, విండో విలువలు (బొమ్మ వెలుగు, కాంట్రాస్టు) ఏమిటి, ఇలాంటివి. ఇవి తెలియకపోతే స్లైసులను వరుసలో పేర్చలేదు, కొలతలు చూపలేదు. వెబ్ మీదుగా డైకామ్ బొమ్మలు అడిగే డైకామ్‌వెబ్ పద్ధతిలో దీన్ని మెటాడేటా అభ్యర్థన అంటారు.

సర్వర్ దగ్గర ఈ వివరాలు సిద్ధంగా లేకపోతే ఏం చేస్తుంది? 1,200 ఫైళ్లను ఒక్కొక్కటే తెరుస్తుంది, తలభాగం చదువుతుంది, జేసన్ అనే పాఠ్య రూపంలోకి మారుస్తుంది, అన్నీ కలిపి పంపుతుంది. అంతసేపూ డాక్టరుగారు చక్రం చూస్తుంటారు.

ఆర్థాంక్ డేటాబేస్‌లో ప్రధానమైన ట్యాగులు, అంటే ఒక్కో వివరం ఉండే గడులు, కొన్నే ఉంటాయి. వ్యూయర్‌కు కావలసినవన్నీ వాటిలో ఉండవు. కాబట్టి ముందుగా చూడాల్సింది డైకామ్‌వెబ్ ప్లగిన్ (ఆర్థాంక్‌కు తగిలించే అదనపు భాగం) ఎంత పాతదో. 1.15 వెర్షన్ నుంచి ఈ ప్లగిన్‌లో మెటాడేటాను ముందే తయారుచేసి సిరీస్‌కు జోడించి దాచుకునే ఏర్పాటు వచ్చింది. ఆ సెట్టింగు పేరు ఎనేబుల్ మెటాడేటా క్యాష్. దాన్ని ఎవరూ ఆపివేయలేదని నిర్ధారించుకోండి. మీ సర్వర్‌ను నాలుగైదేళ్ల క్రితం ఎవరో పెట్టి వెళ్లిపోతే, "నడుస్తోంది కదా" అని ఆ తర్వాత ఎవరూ ముట్టకపోతే, ఈ ఒక్క అప్‌డేట్‌తోనే సగం ఫోన్లు ఆగిపోవచ్చు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. మొదటిది పాత స్టడీలది (స్టడీ అంటే ఒక రోగికి ఒకసారి తీసిన స్కాన్ మొత్తం). అప్‌డేట్ చేసిన తర్వాత వచ్చిన సిరీస్‌లకు మెటాడేటా దానంతటదే సిద్ధమవుతుంది కానీ అంతకు ముందున్న వాటికి ఆ నిల్వ ఉండదు. హౌస్‌కీపర్ అనే మరో ప్లగిన్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే పాత స్టడీలను ఒక్కొక్కటిగా తిరగేసి ఈ పని చేసిపెడుతుంది. లక్షల స్లైసులున్న చోట రోజులు పట్టే పని, డిస్కును బాగా రాపాడిస్తుంది. అందుకే స్కానర్లు ఖాళీగా ఉండే రాత్రి వేళల్లోనే నడిచేలా దాని షెడ్యూల్ పెట్టండి.

రెండో మెలిక అత్యవసర కేసులది. ఆర్థాంక్ ఒక సిరీస్ "పూర్తిగా వచ్చేసింది" అని ఎలా తెలుసుకుంటుంది? దానికి తెలియదు. ఊహిస్తుంది. కొత్త స్లైసు ఏదీ రాకుండా 60 సెకన్లు గడిస్తే పూర్తయినట్టు లెక్క. ఈ గడువు పేరు స్టేబుల్ ఏజ్. మెటాడేటా తయారీ ఆ తర్వాతే మొదలవుతుంది. ప్రమాదం కేసు సి.టి. బల్ల మీద నుంచి దిగకముందే డాక్టరుగారు సిరీస్ తెరిస్తే సహజంగానే పాత పద్ధతిలో, ఫైళ్లు తవ్వుకుంటూ రావాల్సిందే. "మామూలు కేసులు వేగంగా వస్తున్నాయి, ఎమర్జెన్సీలే నెమ్మది" అని ఎవరైనా అంటే కారణం ఇదే కావచ్చు. గడువును 60 నుంచి 20కి తగ్గించవచ్చు. మరీ తగ్గిస్తే స్కానర్ మధ్యలో ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా సిరీస్ పూర్తయిందని సర్వర్ పొరబడుతుంది, ఆ లెక్క మీద ఆధారపడిన ఆటోమేటిక్ ఫార్వర్డింగ్ అరకొర సిరీస్‌లను పంపేస్తుంది. అలాంటి స్క్రిప్టులు మీ దగ్గర ఉంటే దీన్ని ముట్టుకోకపోవడమే మేలు.

ఫైళ్లు తెరవకుండా డేటాబేస్‌లో ఉన్న ప్రధాన ట్యాగులనే పంపమని చెప్పే మార్గం కూడా ఉంది. సిరీస్ మెటాడేటా అనే సెట్టింగుకు ఫుల్ బదులు మెయిన్ డైకామ్ ట్యాగ్స్ అని పెట్టాలి. వేగం చూస్తే ముచ్చటేస్తుంది. అయితే వ్యూయర్‌కు అవసరమైన ట్యాగులన్నిటినీ ఎక్స్‌ట్రా మెయిన్ డైకామ్ ట్యాగ్స్ జాబితాలో మీరే చేర్చాలి, పాత స్టడీలను మళ్లీ సూచికలోకి (ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఆర్థాంక్ డేటాబేస్) ఎక్కించాలి, ఒక్క ట్యాగు మరిచినా కొలతలు రాకపోవడమో బొమ్మ నల్లగా కనబడటమో జరుగుతుంది. రోగ నిర్ధారణకు వాడే సర్వర్‌లో నేనైతే ఫుల్‌నే ఉంచుతాను.

స్లైసులు ఈడ్చుకుంటూ వస్తే: ముందు డిస్కు

ఆర్థాంక్ తన గోదాములో ఫైళ్లను రోగి పేరుతోనో తేదీతోనో పెట్టదు. ప్రతి స్లైసుకూ ఒక యాదృచ్ఛిక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అందులోని మొదటి నాలుగు అక్షరాలను బట్టి రెండు అంతస్తుల ఫోల్డర్లలో సర్దుతుంది. పై అంతస్తులో 256, ఒక్కోదానిలో మళ్లీ 256. మొత్తం 65,536 ఫోల్డర్లు. మీ 1,200 స్లైసుల సిరీస్ ఈ 65 వేల అరల్లో చెల్లాచెదురుగా పడి ఉంటుంది. ఇందులో తప్పేమీ లేదు, ఏ ఫోల్డరూ ఉబ్బిపోకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటిది. కాకపోతే తిరిగే హార్డ్ డిస్కుకు ఇది శాపం.

నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కులో సూది ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లి, పళ్లెం తిరిగి సరైన స్థలం కిందికి వచ్చేసరికి సుమారు 10 మిల్లీసెకన్లు. 1,200 ఫైళ్లకు 12 సెకన్లు వెతుకులాటకే. పైగా అదే సమయంలో స్కానర్ కొత్త స్లైసులు రాస్తుంటే సూది అటూ ఇటూ పరుగెత్తుతూనే ఉంటుంది. లినక్స్‌లో ఐఓస్టాట్, విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి, సిరీస్ తెరిచే సమయంలో డిస్కు వాడకం నూరు శాతానికి అతుక్కుపోయి ఉందేమో చూడండి.

అతుక్కుపోతే ఎస్‌ఎస్‌డీ తప్ప మంత్రం లేదు. మొత్తం నిల్వను మార్చే బడ్జెట్ లేకపోతే అంచెలుగా చేయండి. ఆర్థాంక్‌లో స్టోరేజ్ డైరెక్టరీ, ఇండెక్స్ డైరెక్టరీ అని రెండు సెట్టింగులు వేరువేరుగా ఉన్నాయి. చాలా చోట్ల రెండూ ఒకే డిస్కును చూపిస్తుంటాయి. సూచిక ఫైలు చిన్నది. సర్వీసు ఆపి, దాన్ని ఎస్‌ఎస్‌డీ మీదికి కాపీ చేసి, దారి మార్చి, మళ్లీ మొదలుపెట్టండి. సర్వీసు ఆపకుండా కాపీ చేయవద్దు. సగం రాసిన సూచిక కాపీ అయితే తర్వాత ఏడవాల్సి వస్తుంది. అలాగే సూచికను నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఎప్పుడూ పెట్టకండి. బొమ్మలు నాస్‌లో (నెట్‌వర్క్ మీదుండే నిల్వ పెట్టె) ఉండవచ్చు, సూచిక మాత్రం సర్వర్ సొంత డిస్కు మీదే ఉండాలి.

విండోస్ సర్వర్ అయితే యాంటీవైరస్ సంగతి చూడండి. తెరిచిన ప్రతి ఫైలునూ అది తనిఖీ చేస్తుంది. 1,200 ఫైళ్లకు 1,200 తనిఖీలు. భద్రత చూసేవారితో మాట్లాడి, బొమ్మల నిల్వ ఫోల్డరు ఒక్కదానికే మినహాయింపు ఇప్పించండి. యంత్రం మొత్తానికి కాదు.

స్టోరేజ్ కంప్రెషన్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. స్థలం మిగులుతుందని ఎవరో ఆశపడి పెట్టి ఉంటారు. అది ఆన్‌లో ఉంటే ప్రతి ఫైలునూ పూర్తిగా విప్పితే కానీ తలభాగం కూడా చదవడం కుదరదు. ఆఫ్ చేయండి. ఆఫ్ చేశాక కూడా పాత ఫైళ్లు కుదించినట్టే ఉంటాయి, వాటిని విప్పే పని మళ్లీ హౌస్‌కీపర్‌దే. విప్పితే నిల్వ పెరుగుతుంది కాబట్టి ఖాళీ స్థలం ముందే చూసుకోండి.

సూచిక విషయంలో పెద్ద ప్రశ్న ఒకటి మిగిలింది. ఆర్థాంక్ మామూలుగా ఎస్‌క్యూఎల్ లైట్ అనే చిన్న డేటాబేస్ వాడుతుంది. ఒకరిద్దరు డాక్టర్లు, ఒక స్కానర్ ఉన్నచోట అది చక్కగా సరిపోతుంది. రెండు మూడు స్కానర్లు ఏకకాలంలో పంపుతూ, నలుగురు చదువుతూ ఉంటే రాతలూ చదువులూ ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి. అప్పుడు పోస్ట్‌గ్రెస్ అనే పెద్ద డేటాబేస్‌కు మారడం మంచిది. మారేటప్పుడు పోస్ట్‌గ్రెస్ విభాగంలో ఎనేబుల్ ఇండెక్స్ ఆన్, ఎనేబుల్ స్టోరేజ్ ఆఫ్ అని పెట్టండి. అంటే సూచిక మాత్రమే డేటాబేస్‌లోకి వెళుతుంది, బొమ్మలు డిస్కు మీదే ఉంటాయి. బొమ్మల్ని కూడా డేటాబేస్‌లోకి తోస్తే బ్యాకప్ తీయడమే నరకమవుతుంది.

ఇక్కడ చాలామంది గుండె ఆగినంత పని చేసుకుంటారు. సెట్టింగు మార్చి సర్వర్ మొదలుపెట్టగానే జాబితా ఖాళీ! ఒక్క రోగి పేరూ కనిపించదు. భయపడకండి, ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. కొత్త సూచిక ఖాళీగా మొదలవుతుంది, పాతదానిలోని పేర్లు దానిలోకి వాటంతటవే రావు. సరైన పద్ధతి ఏమిటంటే, పోస్ట్‌గ్రెస్‌తో రెండో ఆర్థాంక్‌ను వేరే నిల్వ ఫోల్డరుతో పక్కన లేపి, పాతదాని నుంచి స్టడీలను దానికి పంపించడం. అన్నీ చేరాయని రెండు సర్వర్ల లెక్కలూ పోల్చి చూసుకున్నాకే స్కానర్లను కొత్తదానికి మళ్లించండి. పాతదాన్ని కనీసం ఒక నెల అలాగే ఉంచండి.

కుదింపు: ఎవరు విప్పుతున్నారు?

డిస్కు బాగుంది, కానీ సిరీస్ తెరిచినప్పుడల్లా సర్వర్ ప్రాసెసర్ నూరు శాతానికి ఎగబాకుతోందా? అయితే సర్వర్ ప్రతి స్లైసునూ విప్పి పంపుతోందన్నమాట.

స్కానర్ కొన్నిసార్లు స్లైసులను జేపెగ్ 2000 రూపంలో, నష్టం లేని కుదింపుతో పంపుతుంది. సి.టి.లో ఇలాంటి కుదింపుతో పరిమాణం సగానికో మూడో వంతుకో తగ్గుతుంది. ఇది మంచిదే. కానీ వ్యూయర్ "నాకు కుదించనివే కావాలి" అని అడిగితే, సర్వర్ ఒక్కొక్క స్లైసునూ విప్పుతుంది, ఆపై ఉబ్బిన బొమ్మను నెట్‌వర్క్ మీదికి వదులుతుంది. ప్రాసెసర్ ఖర్చూ మనదే, లైను ఖర్చూ మనదే.

దీనికి మందు వ్యూయర్ కాన్ఫిగరేషన్‌లో ఉంది. ఓహెచ్‌ఐఎఫ్‌లో యాక్సెప్ట్ హెడర్ అనే చోట ట్రాన్స్‌ఫర్ సింటాక్స్ (బొమ్మను ఏ రూపంలో పంపాలో చెప్పేది) విలువగా నక్షత్రం గుర్తు, అంటే *, పెట్టండి. "నీ దగ్గర ఎలా ఉంటే అలాగే ఇవ్వు, నేను విప్పుకుంటాను" అని దాని అర్థం. ఇప్పుడు విప్పే పని డాక్టరుగారి బ్రౌజర్‌కు మారుతుంది. ఒక సర్వర్ నలుగురి కోసం విప్పడం కన్నా నలుగురు తమ తమ కంప్యూటర్లలో విప్పుకోవడం ఎప్పుడైనా నయం.

స్కానర్ కుదించకుండా పంపుతుంటే, లైను సన్నగా ఉంటే, రివర్స్‌లో ఆలోచించండి. ఇంజెస్ట్ ట్రాన్స్‌కోడింగ్ అనే సెట్టింగుతో స్లైసు లోపలికి వచ్చేటప్పుడే ఒకసారి నష్టం లేని జేపెగ్-ఎల్‌ఎస్ రూపంలోకి మార్చి నిల్వ చేయవచ్చు. ఆ పద్ధతి గుర్తింపు సంఖ్య 1.2.840.10008.1.2.4.80. జేపెగ్ 2000 కన్నా ఇది విప్పడానికి తేలిక. నష్టం కలిగించే కుదింపు మాత్రం వేగం కోసమని మీరు సొంతంగా నిర్ణయించకూడదు. ఊపిరితిత్తుల్లో 4 మిల్లీమీటర్ల చిన్న గడ్డను వెతికే డాక్టరుగారి బొమ్మను కంప్యూటర్ మనిషి నలిపేసే హక్కు లేదు.

మల్టీఫ్రేమ్ ఫైళ్లు మరో తరహా. రొమ్ము టోమోసింథసిస్, అల్ట్రాసౌండ్ లూపుల్లో వందల ఫ్రేములు ఒకే ఫైల్లో ఉంటాయి. ఆర్థాంక్ ఇటీవల చదివిన ఫైళ్లను ర్యామ్‌లో ఉంచుకునే నిల్వ మామూలుగా 128 ఎంబీ. మీ ఫైలు అంతకన్నా పెద్దదైతే అందులో ఇమడదు. మ్యాగ్జిమమ్ స్టోరేజ్ క్యాష్ సైజ్‌ను 1,024కు పెంచి చూడండి. ర్యామ్ కొన్నందుకు అసలు ఉపయోగం కనబడేది ఇక్కడే.

దారి: కేబుల్ నుంచి విదేశం దాకా

ఒక స్కాన్ సెంటర్‌లో వారం రోజులు సర్వర్ సెట్టింగులతో కుస్తీ పట్టాను. చివరికి తేలిందేమిటంటే, పైకప్పు మీదుగా పోయే కేబుల్‌ను ఎలుక కొరికింది. తెగితే అసలు పనిచేసేదే కాదు, వెంటనే తెలిసిపోయేది. పూర్తిగా తెగలేదు. గిగాబిట్‌కు కేబుల్లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. రెండు జతలు బతికున్నాయి కాబట్టి లైను చప్పుడు చేయకుండా 100కు దిగిపోయింది. అందరికీ ఇంటర్నెట్ వస్తోంది, ఈమెయిల్ వస్తోంది, సి.టి. మాత్రం రాదు. అప్పటి నుంచి ముందు చూసేది అదే. విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ స్థితి తెరిస్తే స్పీడ్ అని ఉంటుంది. లినక్స్‌లో ఎత్‌టూల్ చెబుతుంది. రెండు చివరలా, మధ్యనున్న స్విచ్ దగ్గరా చూడండి. డాక్టరుగారి కంప్యూటర్ వైఫై మీద ఉంటే ఒక్కసారి కేబుల్ పెట్టి పోల్చండి.

స్కాన్ సెంటర్‌లో సర్వర్, ఇంటి దగ్గర డాక్టరు అయితే సెంటర్‌కు ఉన్న అప్‌లోడ్ వేగమే లెక్కకు వస్తుంది. బిల్లు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఎక్కువగా డౌన్‌లోడ్ వేగం.

ఇక దూరం సంగతి. లైను ఎంత వెడల్పైనా, అడిగిన మాట వెళ్లి జవాబు రావడానికి కొంత సమయం పడుతుంది. శ్రీకాకుళంలో తీసిన స్కాన్‌ను హైదరాబాద్ నుంచి చూస్తే అది పదుల మిల్లీసెకన్లు. అమెరికాలో ఉన్న తెలుగు డాక్టరు చూస్తే దాదాపు పావు సెకను. పాత హెచ్‌టీటీపీ 1.1 పద్ధతిలో బ్రౌజర్ ఒక సర్వర్‌తో ఒకేసారి ఆరు కనెక్షన్లే పెట్టుకుంటుంది. 1,200 స్లైసులను ఆరేసి చొప్పున అడిగితే 200 విడతలు. పావు సెకను చొప్పున 50 సెకన్లు ఎదురుచూపుకే పోతాయి, డేటా లెక్క ఇంకా కలపలేదు.

ఆరు కనెక్షన్ల గొడవ తప్పాలంటే ఆర్థాంక్ ముందు మధ్యవర్తిగా ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను పెట్టి, ఒకే కనెక్షన్ మీద చాలా అభ్యర్థనలు పంపనిచ్చే హెచ్‌టీటీపీ 2 ఆన్ చేయండి. బ్రౌజర్లు దీన్ని హెచ్‌టీటీపీఎస్ మీదే ఒప్పుకుంటాయి కాబట్టి సర్టిఫికెట్ కావాలి. ఎలాగూ ఉండాల్సిందే. 8042 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచినవాళ్లు ఈ వ్యాసం ఇక్కడే ఆపి ముందు దాన్ని మూసి, వీపీఎన్ పెట్టి రండి. రోగుల వివరాలవి.

ఎన్‌జిన్‌ఎక్స్‌లో మూడు చోట్ల జాగ్రత్త. వెనకున్న ఆర్థాంక్‌తో అది ప్రతి స్లైసుకూ కొత్త కనెక్షన్ పెట్టకుండా ప్రాక్సీ వెర్షన్‌ను 1.1 చేసి కీప్ అలైవ్ (ఉన్న కనెక్షన్‌నే తెరిచి ఉంచడం) పెట్టండి. బొమ్మల డేటాకు జీజిప్ అనే కుదింపును ఆన్ చేయకండి, ముఖ్యంగా ఇప్పటికే కుదించిన స్లైసులకు. వాటిలో ప్రాసెసర్ అలసిపోవడమే తప్ప దాదాపు ఏమీ తగ్గదు. మెటాడేటా జేసన్‌కు మాత్రం జీజిప్ బాగా పనికొస్తుంది. మూడోది, బ్రౌజర్ లైను నెమ్మదిగా ఉన్నప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్ జవాబును తన తాత్కాలిక ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. మీరు వెతుకుతున్న డిస్కు భారం ఇక్కడి నుంచీ రావచ్చు. ప్రాక్సీ మ్యాక్స్ టెంప్ ఫైల్ సైజ్‌ను 0 చేస్తే అది ఆగుతుంది.

ఇవన్నీ అయ్యాక ఓహెచ్‌ఐఎఫ్‌లో మ్యాక్స్ నమ్ రిక్వెస్ట్స్ కింద ప్రీఫెచ్ (అడగకముందే తెప్పించి పెట్టుకునే స్లైసుల) సంఖ్యను పెంచవచ్చు. హెచ్‌టీటీపీ 2 లేకుండా పెంచితే ప్రయోజనం లేదు, ఆరుగురు దూరే గుమ్మం ముందు క్యూ పొడుగు చేసినట్టే.

డాక్టరుగారి కంప్యూటర్

1,200 స్లైసులు విప్పితే బ్రౌజర్‌లో 600 ఎంబీ. పాత స్కాన్‌తో పక్కపక్కన పోల్చితే రెట్టింపు. మూడు దిక్కుల్లో కోసి చూపించమంటే ఇంకా ఎక్కువ. 4 జీబీ ల్యాప్‌టాప్‌లో ఇది జరగని పని. టాస్క్ మేనేజర్‌లో మెమరీ నిండిపోయి డిస్కు గిరగిర తిరుగుతుంటే అదే కారణం. బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. చెప్పేదింతే.

అసలు అన్ని స్లైసులు ఎందుకు?

సాంకేతిక పనులన్నీ చెప్పి దీన్ని చివర పెట్టాను కానీ, నన్నడిగితే కొలతలు తీయడం కాగానే చేయాల్సిన పని ఇది. టెక్నీషియన్ దగ్గరకు వెళ్లి, ఒక మామూలు పొట్ట సి.టి.కి స్కానర్ ఏమేం పంపుతోందో అడిగి రాసుకోండి. తరచుగా ఇలా ఉంటుంది: చదవడానికి 5 మిల్లీమీటర్ల సిరీస్, మూడు దిక్కుల్లో కోయడానికి సన్న సిరీస్, ఎముకల కోసం మళ్లీ సన్న సిరీస్, ఊపిరితిత్తుల కోసం ఇంకొకటి. పైగా ఎప్పుడో ఎవరో సర్వీసు ఇంజినీరు పరీక్ష కోసం పెట్టి తీయడం మరిచిన ఇంకో సిరీస్.

60 సెంటీమీటర్లకు 5 మిల్లీమీటర్ల చొప్పున 120 స్లైసులు. సన్నవైతే 1,200. డాక్టరుగారు ముందు తెరవాల్సింది 120 స్లైసులది. కానీ వ్యూయర్ జాబితాలో సన్న సిరీస్ ముందుంటే అదే తెరుచుకుంటుంది, దాని వెనక మిగతావి కూడా క్యూ కడతాయి. స్కానర్ ప్రొటోకాల్‌లో మందపు సిరీస్ ముందు వెళ్లేలా, సిరీస్ నంబరు కూడా చిన్నదయ్యేలా మార్చమనండి. అవసరం లేని కెర్నెల్ సిరీస్‌లను (ఎముకలకు, ఊపిరితిత్తులకు విడిగా తయారుచేసేవి) సర్వర్‌కు పంపకుండా ఆపమనండి. దేన్ని ఆపాలన్నది రేడియాలజిస్టు చెప్పాలి, మీరు కాదు, టెక్నీషియనూ కాదు. ముగ్గురూ ఒక్క అరగంట కూర్చుంటే అయ్యే పని. దీనికి రూపాయి ఖర్చు లేదు, అయినా అందరూ ముందు ఎస్‌ఎస్‌డీ కొటేషనే అడుగుతారు.

ప్రతి మార్పు తర్వాత

ఒకసారికి ఒకే మార్పు చేయండి. చేసే ముందు కాన్ఫిగరేషన్ ఫైలును తేదీతో కాపీ పెట్టుకోండి. మార్చాక అదే పరీక్ష సిరీస్‌ను, అదే కంప్యూటర్ నుంచి, అదే వేళలో తెరిచి రెండు సమయాలూ రాయండి. వేళ ఎందుకంటే ఉదయం పదింటికి స్కానర్లన్నీ పంపుతుంటాయి, రాత్రి తొమ్మిదింటికి సర్వర్ ఖాళీ. రాత్రి చేసిన మార్పును రాత్రే కొలిచి మురిసిపోతే మర్నాడు పదింటికి మళ్లీ ఫోను వస్తుంది. మార్పు వల్ల తేడా ఏమీ రాకపోతే దాన్ని పాత విలువకే తిప్పి, ఆ తర్వాతే రెండోదానికి చేయి చాచండి.